కొండబాట

నడిచేవారుంటేనే బాట నిలుస్తుంది. నాలుగు వానకాలాలు ఎవరూ నడవకపోతే పొదలు దారిని మూసివేస్తాయి. వాననీరు దానిని కోసివేస్తుంది. కడప సీమలో ఈ సత్యానికి నిదర్శనం శేషాచల అడవులలోని అన్నమయ్య మార్గం.

తిరుమలకు గడప వంటిది గనుక కడపకు ఆ పేరు వచ్చిందని ప్రతీతి. పూర్వం ఉత్తర దిక్కు నుండి వచ్చే యాత్రికులు దేవుని కడపలో స్వామిని దర్శించి తిరుమలకు సాగేవారు. మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాల వారికీ ఇదే ఆనవాయితీ. కోడూరు సమీపంలోని కుక్కలదొడ్డి నుండి అడవి గుండా కొండపైకి చేరే కాలిబాటే అన్నమయ్య మార్గం. తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యుడు (1408-1503) ఈ దారినే నడిచాడని ఈ ప్రాంతీయుల విశ్వాసం.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో కోడూరు, రాజంపేటల మీదుగా రైలుమార్గం ఏర్పడింది. 1944లో తిరుమలకు ఘాట్ రోడ్డు వచ్చింది. ప్రయాణం సులభమైన కొద్దీ అడవిదారిన నడిచేవారు తగ్గిపోయారు.

అయితే కాలిబాటలన్నీ క్షీణించలేదు. 3,550 మెట్ల అలిపిరి మార్గంలోనూ, 2,388 మెట్ల శ్రీవారి మెట్టు మార్గంలోనూ నేటికీ నిత్యం వేలాదిమంది నడుస్తున్నారు. ఆ రెండింటి పోషణకు తిరుమల తిరుపతి దేవస్థానం ధనం వెచ్చిస్తున్నది. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు మార్గం, మరమ్మతుల అనంతరం 2022 మే నెలలో తిరిగి తెరుచుకున్నది. అడవిబాటకు అట్టి నిత్యపోషణ లేదు. అభివృద్ధి ప్రతిపాదనలు మాత్రం పలుమార్లు వెలువడ్డాయి.

శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించబడింది. ఎర్రచందనానికి అది పుట్టినిల్లు. బాట పేరిట అక్కడ రహదారి వేయడం తగదు. భద్రతను విస్మరించడమూ తగదు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలోనే చిరుతపులి దాడిలో ఒక బాలిక మరణించింది. జనసంచారం గల బాటలోనే అట్టి విషాదం సంభవిస్తే, నిర్జన మార్గం మాటేమి? కనుక ధనం కావలసింది సిమెంటుకు కాదు, కావలివారికి. ఏటేటా పొదలు తొలగించడం, గుర్తురాళ్ళు నాటడం, త్రాగునీరు సమకూర్చడం, యాత్రికులను గుంపులుగా నడిపించడం అవసరం. ఈ పనులు అటవీ సమీప గ్రామాల యువకులకు ఉపాధి కాగలవు.

పూర్వం పాలకులు, దాతలు దారి వెంట సత్రాలు కట్టించారు, బావులు త్రవ్వించారు. నేడు ఆ బాధ్యత ప్రభుత్వానిది, దేవస్థానానిది, స్వల్ప రుసుము చెల్లించగల మనది కూడా. దారి తెలిసిన వృద్ధులు గతించకముందే ఈ పనికి పూనుకోవాలి.

ప్రశ్నలు
1. అన్నమయ్య మార్గం క్షీణించుటకు గల కారణాలను తెలుపండి.
2. "ధనం కావలసింది సిమెంటుకు కాదు, కావలివారికి" - వివరించండి.