పాఠం 14: పక్కింటి అక్క స్క్వాడ్రన్

పిల్లలూ, ఈ పాఠం మొదట అమ్మతోనో నాన్నతోనో కలిసి పైకి చదవండి. తర్వాత మీరు సొంతంగా చదవండి.

మేము వర్జీనియా బీచ్‌కి కొత్తగా వచ్చిన రోజు, నెత్తిమీద ఒక్కసారిగా పెద్ద చప్పుడు! అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. మా పాప పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. పక్కింటి ఆవిడ కంచె అవతల నుంచి నవ్వి, "భయపడకండి, మావాళ్ళే" అంది. ఇప్పుడు ఆవిడని నేను అక్కా అని పిలుస్తాను. ఆ మాటకి అర్థం చెబితే ఎంత సంతోషించిందో!

"మావాళ్ళు" అంటే ఎవరో తెలుసా? మా ఊళ్ళో ఓషియానా అనే నేవీ విమానాల స్థావరం ఉంది. అక్కడ సూపర్ హార్నెట్ అనే యుద్ధవిమానాలు ఉంటాయి. కొన్ని విమానాలు, వాటిని నడిపే పైలట్లు, బాగుచేసే మెకానిక్‌లు, అందరూ కలిస్తే ఒక స్క్వాడ్రన్. అందులో సుమారు 200 మంది ఉంటారు. అక్క భర్త మెకానిక్.

స్క్వాడ్రన్ అప్పుడప్పుడు విమానవాహక నౌక ఎక్కి సముద్రం మీదికి వెళ్తుంది. ఒకసారి వెళ్తే ఆరేడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. "ఎప్పుడొస్తారు అక్కా?" అని అడిగాను. అక్క చెప్పలేదు. ఓడ ఎక్కడుందో, ఎప్పుడు తిరిగొస్తుందో బయటివాళ్ళకి చెప్పకూడదట. వాళ్ళ బాబు మాత్రం రోజుకొక రంగు కాగితం చుట్టి గొలుసుకి కలుపుతాడు. ఆ గొలుసు హాలంతా చుట్టేసింది.

మరి అన్ని నెలలు అక్క ఒక్కతే ఎలా ఉంటుంది? ఒక్కతే ఉండదు. స్క్వాడ్రన్‌లోని మిగతా ఇళ్ళవాళ్ళు ఉన్నారుగా! ఒకరి కారు ఆగిపోతే ఇంకొకరు పిల్లల్ని బడికి దింపుతారు. ఎవరికైనా బిడ్డ పుడితే తలా ఒక రోజు వంట చేసి తెచ్చిస్తారు. నేవీ నుంచి ఇళ్ళకి అందాల్సిన కబురు చెప్పడానికి ఒక వాలంటీర్ ఉంటారు. వారిని అంబుడ్స్‌మన్ అంటారు. ఎక్కువగా ఆ స్క్వాడ్రన్‌లో పనిచేసేవాళ్ళ భార్యో, భర్తో ఈ పని చేస్తారు. 1970లో అమెరికా నేవీ అధిపతి అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ ఈ పద్ధతి మొదలుపెట్టారు.

ఒక రాత్రి టీవీలో ఏదో నేవీ విమానం కూలిందన్నారు. ఎవరిదో చెప్పలేదు. కాసేపట్లో అక్క ఇంటి ముందు ఒక్కొక్క కారే వచ్చి ఆగింది. నేను టీ పెట్టుకుని వెళ్ళాను. హాల్లో ఐదుగురు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చాలాసేపటికి అంబుడ్స్‌మన్ నుంచి కబురొచ్చింది: మన స్క్వాడ్రన్‌లో అందరూ క్షేమం. అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కానీ ఎవరూ నవ్వలేదు. "ఇంకో ఇంట్లో ఇప్పుడు ఏడుస్తుంటారు కదా" అంది అక్క. టీ చల్లారిపోయింది.

చివరికి తిరిగొచ్చే రోజు వచ్చింది. ఓడ నార్‌ఫోక్ రేవుకి చేరకముందే పైలట్లు విమానాలు నడుపుకుంటూ ఓషియానాకి వచ్చేస్తారు. అక్క భర్త ఓడలోనే రావాలి. అయినా అక్క ముందురోజే ఓషియానాకి వెళ్ళింది. ఒక పైలట్ భార్యకి చంటిబిడ్డ, చేతులు ఖాళీ ఉండవని స్వాగతం బోర్డు తను పట్టుకుంది!

వచ్చే ఏడాది అక్కవాళ్ళకి బదిలీ. "కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎవరో ఒకరు తలుపు కొడతారులే" అంది. నేనూ మా అమ్మని వదిలి వచ్చినదాన్నే కదా, ఆ మాట నాకు బాగా అర్థమైంది.

మన విశాఖపట్నంలో కూడా ఇండియన్ నేవీ విమానాల స్థావరం ఉంది. దాని పేరు ఐఎన్‌ఎస్ డేగా. డేగ అంటే వేటాడే పక్షి. అక్కడి ఇళ్ళల్లో కూడా ఇలాగే ఎదురుచూస్తుంటారు.

కొత్త మాటలు
స్థావరం: సైన్యం ఉండే చోటు
విమానవాహక నౌక: విమానాలను మోసుకెళ్ళే పెద్ద ఓడ
కబురు: వార్త, సమాచారం
క్షేమం: ఏ ఆపదా లేకుండా ఉండటం
బదిలీ: ఉద్యోగం ఇంకో ఊరికి మారడం

ఇలా అనండి
"భర్త ఆ రోజు రాకపోయినా అక్క వెళ్ళింది." ఇలాగే "వాన పడినా", "నిద్ర వచ్చినా", "చుట్టం కాకపోయినా" అనే మాటలతో మూడు వాక్యాలు రాయండి.

జవాబులు చెప్పండి
1. అక్క తిరిగొచ్చే తేదీ ఎందుకు చెప్పలేదు?
2. మంచి కబురు వచ్చినా ఎవరూ ఎందుకు నవ్వలేదు?
3. అక్క ముందురోజే ఓషియానాకి ఎందుకు వెళ్ళింది?

ఇంట్లో అడగండి
"అమ్మా, మనం ఈ దేశం వచ్చినప్పుడు మన తలుపు మొదట ఎవరు కొట్టారు?" అమ్మ చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. వీలైతే వాళ్ళకి ఇవాళే ఒక ఫోన్ చేయండి.