లారీ హారన్‌కు బెదిరిన పిల్లకు పెదనాన్న ఉత్తరం

 

గేర్ల సైకిలు కొన్న పిల్ల ఒక్కసారి హైవే ఎక్కి, వెనక నుంచి లారీ హారన్ మోగేసరికి దిగి నడిపించుకుంటూ ఇంటికొచ్చిందనీ, అప్పట్నుంచీ సైకిలు వరండాలోనే ఉందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పేటప్పుడు కాస్త నవ్వింది కూడా. నవ్వాల్సిన పనేం లేదు. నెల్లూరు పక్కనే పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీని చూసి ఏమాత్రం భయపడని మనిషి ఉంటే, అలాంటివాళ్ళ గురించే బెంగపడాలి. అందుకని ధైర్యంగా ఉండమని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా మీ పెదనాన్న ఇంత ఉత్తరం పెడుతున్నాడు.

కొత్తగా రోడ్డెక్కినవాళ్ళకు ఉండే భయాలు మూడు. బండ్లు గుద్దుతాయని ఒకటి, అదుపు తప్పి పడతామని ఒకటి, చూసేవాళ్ళు నవ్వుతారని ఒకటి. మూడూ కలిసి వచ్చేసరికి ఒకటే పెద్ద భయంలా ఉంటుంది. కానీ దేని మందు దానిదే.

బండ్ల భయంలో నిజం ఉంది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దాదాపు 3 శాతం. దేశంలో ఉన్న రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతం చుట్టూ ఉంటే, మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదే జరిగాయి. కారణాల్లో మొదటిది అతివేగం. ఈ లెక్క చదివి సైకిలు అమ్మేయనక్కర్లేదు. ఎక్కడ తొక్కాలి, ఎప్పుడు తొక్కాలి అని తేల్చుకోవడానికి ఇది చాలు. నేర్చుకునే దశలో హైవే వద్దు, అంతే.

హైవేను వదిలేస్తే నెల్లూరు వాళ్ళకు రోడ్లకు కరువు లేదు. ముత్తుకూరు వైపు మాత్రం పోవద్దు. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైన దగ్గర్నుంచీ ఆ దారి పెద్ద లారీలది. ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే రోడ్డు నేర్చుకునేవాళ్ళకు బాగుంటుంది. సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే, దారంతా చదును, అటూ ఇటూ పొలాలు, రొయ్యల గుంటలు. తెల్లవారి వెలుతురు రాగానే బయలుదేరితే బీచికి పోయే కార్ల రద్దీ మొదలయ్యే లోపు తిరిగి రావచ్చు. ఆదివారం సాయంత్రం అదే రోడ్డు ఇంకో రోడ్డులా ఉంటుంది.

గాలి లెక్క కూడా తెలుసుకోవాలి. పొద్దున్నే నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి పలచగా ఉంటుంది. ఎండ ముదిరాక సముద్రపు గాలి ఎదురు తిరిగి నేల మీదికి వస్తుంది. ఆ వేళకు తిరుగుదారిలో ఉన్నవాళ్ళకు అది వీపున తోడవుతుంది, బీచికి పోయేవాళ్ళకు కాళ్ళు లాగేలా చేస్తుంది. మే నెలలో పడమటి గాలి గట్టిగా కొట్టే రోజుల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఎదురుగాలిలో వేగం తగ్గితే కొత్తవాళ్ళు తమలో సత్తువ లేదనుకుని దిగులుపడతారు. అలాంటప్పుడు గేరు తగ్గించి, తల కాస్త వంచి, నిదానంగా తొక్కుకుంటూ పోవడమే.

కోతల కాలంలో ఈ పల్లెల్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్ళు పెడతారు, బండ్లన్నీ మిగిలిన సగంలోకి వస్తాయి. బీచి దగ్గర పడేకొద్దీ తారు మీద ఇసుక పేరుకుంటుంది. వడ్ల మీదైనా ఇసుక మీదైనా హ్యాండిల్ తిప్పకూడదు, ముందు బ్రేకు పట్టకూడదు. ముందే వేగం తగ్గించుకుని, తిన్నగా, మెల్లగా దాటేయాలి.

ఇక పడతామన్న భయం. ఇది ఒట్టి మాటలతో పోదు, చేతులకూ కళ్ళకూ పని నేర్పితేనే పోతుంది. ఎవరూ లేని వేళ ఏదైనా బడి మైదానంలో నాలుగు పనులు సాధన చేయాలి.

మొదటిది బ్రేకు. సైకిలును ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అది ఒక్కసారిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. ఒళ్ళు సీటు మీద వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగిస్తూ పోవాలి. మన దేశంలో చాలా సైకిళ్ళకు కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. సొంత సైకిలుకు ఏది దేనిదో ముందే చూసుకోవాలి. రెండోది ఒంటి చేత్తో తొక్కడం. మలుపు తిరిగే ముందు చెయ్యి చాపి చూపించాలి కదా. మూడోది కుడి భుజం మీదుగా వెనక్కి చూడటం. కొత్తవాళ్ళు తల ఎటు తిప్పితే సైకిలు అటే పోతుంది. నేల మీద సున్నంతో గీసిన గీత తప్పకుండా వెనక్కి చూసి రావడం అలవాటయ్యేదాకా రోడ్డెక్కనక్కర్లేదు. నాలుగోది చూపు. గుంతను చూస్తూ పోతే గుంతలోకే పోతాం. పక్కనున్న మంచి దారిని చూస్తే సైకిలు దాన్నే పట్టుకుంటుంది.

ఈ నాలుగూ వచ్చాక లారీ సంగతి. పెద్ద బండి దాటేటప్పుడు దాని ముక్కు పక్కకు రాగానే గాలి మనల్ని బయటికి నెడుతుంది, బాడీ దాటిపోయేటప్పుడు లోపలికి లాగుతుంది. ఇది తెలియనివాళ్ళు ఉలిక్కిపడి హ్యాండిల్ బిగబట్టి వంకర పోతారు. మోచేతులు కొద్దిగా వంచి, పిడికిలి వదులుగా ఉంచి, తిన్నగా తొక్కితే ఆ ఊపు రెండు క్షణాల్లో పోతుంది. రోడ్డు అంచును అంటిపెట్టుకుని కూడా పోవద్దు. అక్కడ గుంతలు, గాజు పెంకులు ఉంటాయి, రాంగ్ రూట్లో వచ్చే మోటారుసైకిళ్ళు ఉంటాయి. పైగా సందు ఉంది కదా అని వెనకవాళ్ళు ఒరుసుకుంటూ దాటుతారు. అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి, ఒకే గీత మీద పోయేవాళ్ళను డ్రైవరు దూరం నుంచే చూసి పక్కకు తిప్పుకుంటాడు. ఇన్ని చెప్పినా, ఆగి ఉన్న లారీకీ బస్సుకీ ఎడమ పక్క సందులో దూరడం మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా పనికిరాదు.

మూడో భయం ఆడపిల్లలకే ఎక్కువ. హెల్మెట్ పెట్టుకుని తెల్లారి రోడ్డు మీద పోతుంటే టీ బంకు దగ్గర తలలు తిరుగుతాయి. దీనికి పక్క రాష్ట్రంలో ఒక జిల్లానే జవాబు చెప్పింది. దానికి ముందు నెల్లూరు సంగతి కూడా చెప్పాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వచ్చింది. అదే కాలంలో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్ళ చేత సైకిలు పట్టించింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ సైకిలు నేర్పడాన్ని చదువులో భాగం చేశారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు బార్ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి. 1992 మహిళా దినోత్సవం నాడు దాదాపు 1,500 మంది గంటలు మోగిస్తూ ఊరేగారు. కొద్ది కాలంలోనే లక్ష మందికి పైగా పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. మొదట్లో వెకిలి మాటలు తప్పలేదు. రోజూ కనిపించేదాన్ని చూసి ఎవరూ ఎంతో కాలం నవ్వలేరు కాబట్టి అవి తగ్గిపోయాయి. ఒంటరిగా పోవడానికి జంకు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి పోతే సగం జంకు అక్కడే తగ్గుతుంది.

పడి, దెబ్బ తగిలి, మళ్ళీ ఎక్కినవాళ్ళు కూడా మనవాళ్ళలోనే ఉన్నారు. నంద్యాలకు చెందిన షేక్ అర్షద్ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. హైదరాబాదులో ఆదిత్య మెహతాదీ అదే కథ. ఆయన సైకిలు పట్టి 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు తెచ్చి, తర్వాత తన పేరుతో ఫౌండేషన్ పెట్టి దివ్యాంగులకు శిక్షణ ఇప్పిస్తున్నాడు. ఆ శిక్షణలోంచి వచ్చిన అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పోటీపడ్డాడు. పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారతదేశం దిగడం అదే మొదటిసారి. అతనితో పాటు మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా కూడా ఉంది. వీళ్ళెవరూ ఒక్క ఊపులో రోడ్డెక్కినవాళ్ళు కారు, కోచ్ పక్కన ఉండగా మెట్టు మెట్టుగా నేర్చుకున్నారు.

దూరం పెంచడంలోనూ ఆ నిదానమే కావాలి. బ్రెవే అని సైకిలు మీద చేసే దూరప్రయాణాలు ఉన్నాయి. ఫ్రాన్సు వాళ్ళ పద్ధతిలో మన దేశంలోనూ జరుగుతాయి, హైదరాబాదులో కూడా. వాటిలో గెలుపు, ఓటమి ఉండవు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు. ఆగిన సమయం కూడా కలిపి గంటకు 15 కిలోమీటర్లు పడదు. వీటికి పెద్దన్నలాంటి పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో మొదలైంది. 1,200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. అంత చేయి తిరిగినవాళ్ళకు కూడా రాత్రిపూట మెరిసే జాకెట్టు, లైట్లు లేకపోతే అక్కడ ఒప్పుకోరు.

ఇందుకూరుపేట, ఆ తర్వాత మైపాడు అలవాటయ్యాక ఎప్పుడైనా సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు చూడాలి. పులికాట్ సరస్సు మధ్యగా సూటిగా పోతుంది, సీజన్లో ఫ్లెమింగోలు కనిపిస్తాయి. నీడ ఉండదు, పక్క గాలి వదలదు. అది మొదటి నెలలో చేసే పని కాదు.

కొన్ని భయాలను పోగొట్టుకోనే కూడదు. చీకట్లో హైవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను హెచ్చరిక ఉన్న రోజు, నీళ్ళు పారుతున్న చప్టా, ఈ మూడింటి దగ్గర భయం చెప్పిన మాట వినాలి. కుక్కలు వెంటపడితే పరుగు పెంచకుండా దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని నిలబడాలి. కరిస్తే పావుగంట సబ్బు నీళ్ళతో కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి. దెబ్బ తగిలితే 108 ఉంది. సాయం చేసినవాళ్ళను కేసుల్లోకి లాగకుండా 2019 సవరణలో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చారు. ఈ సంగతి నలుగురికీ చెప్పాలి.

ఈ ఆదివారం వరండాలోంచి సైకిలు బయటికి తీసి, టైర్లలో గాలి, బ్రేకులు చూసుకో. ముందు మైదానం. ఆ నాలుగు పనులూ చేతికి వచ్చాక ఒక స్నేహితురాలిని తోడు తీసుకుని ఇందుకూరుపేట దాకా వెళ్ళి రా. లైట్లు, హెల్మెట్ లేకుండా మాత్రం గేటు దాటొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న