రక్తం పట్టాలంటే ఇనుమొక్కటే చాలునా?

ముఖం పాలిపోయి, నాలుగు మెట్లెక్కగానే ఆయాసపడే వారికి మన ఇళ్లలో మొదట అందేవి ఖర్జూరం, మునగాకు, బీట్‌రూట్ రసం. ఇనుము కొరవడి వచ్చిన పాండురోగంలో ఇట్టి ఆహారం కొంత మేలు చేస్తుంది. మన వైద్యంలో మండూర భస్మం వాడుక వెనుక ఉన్నదీ ఇనుమే. అయినా నెలల తరబడి టానిక్కులు తాగినా రక్తం పట్టని వారిని నేను తరచు చూస్తుంటాను. వారిలో కొందరికి ముడిసరుకు ఉన్నా, దానిని వాడుమనే ఆజ్ఞ అందదు.

ఆ ఆజ్ఞ పేరు ఎరిత్రోపోయిటిన్. ఇది ఒక ప్రొటీను. పెద్దవారిలో దీనిని అధికంగా తయారుచేసేవి మూత్రపిండాలు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే అక్కడి కణాలు పసిగట్టి దీనిని విడుదల చేస్తాయి. కణాలు ఆ కొరతను ఎట్లు గుర్తిస్తాయో కనుగొన్నందుకే 2019లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించింది.

ఎముక మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి. అక్కడి లేత కణాల పైపొర మీద ఈ ప్రొటీనుకు సరిపోయే గ్రాహకాలుంటాయి. అది వచ్చి తగులుకోగానే లోపలివైపున జాక్‌-2 అనే ఎంజైము మేల్కొంటుంది. అది స్టాట్‌-5 అనే మరో ప్రొటీనును ప్రేరేపిస్తుంది. స్టాట్‌-5 కేంద్రకంలో ప్రవేశించి, కణాన్ని బ్రతికించే జన్యువులను పనిచేయిస్తుంది. ఆజ్ఞ అందని లేత కణాలు ఎర్రకణాలు కాకముందే మజ్జలో నశిస్తాయి.

ఆజ్ఞను ఆపే ఏర్పాటూ ఉంది. గ్రాహకపు తోక భాగానికి మరో ప్రొటీను చేరి జాక్‌-2ను శాంతింపజేస్తుంది. 1964 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణపతకాలు గెలిచిన ఫిన్లాండు స్కీ క్రీడాకారుడు ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే ఆ తోక పొట్టిగా ఉండేదని 1993లో తెలిసింది. ఆయన హిమోగ్లోబిన్ 20 గ్రాములు దాటేది! అది ఆయనకు కలిసివచ్చింది గాని, జాక్‌-2 జన్యువే చెడి రక్తం చిక్కబడిన వారికి గడ్డలు కట్టే ప్రమాదముంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఆజ్ఞే తగ్గిపోతుంది. వీరికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్‌ను 1989లో అమెరికా అనుమతించింది. దానితోపాటు ఇనుమూ అవసరం కావచ్చును. మోతాదు మించితే పక్షవాతపు భయముంది కనుక నిపుణుని పర్యవేక్షణ తప్పదు.

కావున మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దవారు పాలిపోతే, మరో టానిక్కు సీసా కొనేముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. మూత్రపిండాలు బలహీనపడిన వారికి ఖర్జూరం, బీట్‌రూట్, మునగాకు ప్రేమతో పెట్టినా వాటిలోని పొటాషియం గుండె లయను చెడగొట్టవచ్చును. భస్మాలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుగారికి దాచక చెప్పండి.