మీరాస్ లెక్క - మెట్టు మెట్టుగా

మనిషి చనిపోయిన మరుక్షణమే అతని ఆస్తిలో వారసుల హక్కు ఏర్పడిపోతుంది. ఆ హక్కు ఎంతో దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా 11, 12, 176 ఆయతులు తెలిపాయి. సగం, నాలుగోవంతు, ఎనిమిదోవంతు, మూడింట రెండు వంతులు, మూడోవంతు, ఆరోవంతు - ఇవీ ఆ వాటాలు. అంటే భిన్నాలు రాకపోతే వారసత్వ ధర్మాన్ని అమలు చేయలేము. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ బీజగణితంపై రాసిన గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ లెక్కలే. 'అల్‌జీబ్రా' అనే పేరు ఆ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే వచ్చింది.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలో భూమిని ఎకరాలు, గుంటల్లో లెక్కిస్తారు. ఎకరానికి 40 గుంటలు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తండ్రి లేడు. 3 ఎకరాల భూమి, 1,50,000 రూపాయల నగదు మిగిలాయి.

మొదటి మెట్టు: కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు తీర్చాలి. చెల్లించని మహర్ కూడా అప్పే. ఆ పైన వసీయతు ఉంటే, మిగిలినదానిలో మూడోవంతు మించకుండా అమలు చేయాలి. ఇక్కడ ఖర్చులు, అప్పులు 20,000, మహర్ 10,000. వసీయతు లేదు. మిగిలిన నగదు 1,20,000.

రెండో మెట్టు: సంతానం ఉంది కనుక భార్యకు 1/8, తల్లికి 1/6. ఎనిమిది, ఆరు రెండింటి చేతా భాగించబడే చిన్న సంఖ్య 24. అప్పుడు భార్యకు 3/24, తల్లికి 4/24. మొత్తం 7/24. మిగిలింది 17/24. అది పిల్లలది.

మూడో మెట్టు: కొడుక్కి కూతురికి రెండింతలు. కూతురి వాటా 'క' అనుకుందాం. ఒక్కో కొడుక్కి 2క. మొత్తం 5క. పదిహేడు ఐదుతో తెగదు. కనుక 24ను 5తో గుణించి ఆస్తిని 120 భాగాలు చేద్దాం. భార్యకు 15, తల్లికి 20, పిల్లలకు 85. 5క = 85, కనుక క = 17. కూతురికి 17, ఒక్కో కొడుక్కి 34.

సరిచూద్దాం: 15 + 20 + 34 + 34 + 17 = 120. సరిపోయింది.

మూడెకరాలంటే సరిగ్గా 120 గుంటలు. కనుక భార్యకు 15 గుంటలు, తల్లికి 20, ఒక్కో కొడుక్కి 34, కూతురికి 17. నగదులో ఒక భాగం 1,000 రూపాయలు. భార్యకు 15,000 (మహర్ 10,000 దీనికి అదనం), తల్లికి 20,000, ఒక్కో కొడుక్కి 34,000, కూతురికి 17,000.

చాలా ఇళ్లలో తప్పు లెక్కలో జరగదు, లెక్క వేయకపోవడంలో జరుగుతుంది. "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అని కూతురిని, "మా దగ్గరే ఉంటుంది కదా" అని తల్లిని వదిలేస్తారు. పెళ్లి ఖర్చు వారసత్వపు వాటా కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వాటా అతను ఊళ్లో లేనంత మాత్రాన తగ్గదు. ఆడపడుచు తన వాటా వదులుకోదలిస్తే, అది ఎంతో ఆమెకు తెలియాలి, ఆమె చేతికి అందాలి. ఆ తర్వాత ఇష్టపూర్వకంగా ఇవ్వడం ఆమె నిర్ణయం. మొహమాటంతో ఊరుకోవడం అంగీకారం కాదు.

భిన్నాల మొత్తం ఒకటిని మించే సందర్భాలూ, వాటాలిచ్చాక ఆస్తి మిగిలిపోయే సందర్భాలూ ఉన్నాయి. వాటికి వేరే పద్ధతులున్నాయి. అలాంటప్పుడు ఆలిమ్‌లను అడగాలి.

అభ్యాసం: ఒక స్త్రీ 12 తులాల బంగారం వదిలి మరణించింది. అప్పులు, వసీయతు లేవు. భర్త, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు లేరు. ఎవరికెంత? పిల్లల చేత చేయించండి.

జవాబు: సంతానం ఉంది కనుక భర్తకు 1/4, అంటే 3 తులాలు. మిగిలిన 9లో 3క = 9, క = 3. కూతురికి 3, కొడుక్కి 6 తులాలు.