చెయ్యి దూరే సందు

తెనాలి చుట్టుపక్కల పరిషత్తు నాటకాలకు చాలాకాలం సెట్లు వేశాను. గోడ అంటే మాకు చెక్క ఫ్రేముకు బిగించిన గుడ్డ. వెనక ఒక ఊతకర్ర, దాని కాలి మీద ఇసుక బస్తా, అంతే. ఇప్పుడు కొల్లిపరలో మా మనవలకు అరచేతిలో పట్టే గోడలు కడుతున్నాను. లెగో ఇటుకలతో వీధో ఇల్లో కట్టి, అందులో బొమ్మను రవ్వంత జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి మరో ఫొటో తీస్తారు. వాటిని వరసగా పరిగెత్తిస్తే బొమ్మ నడుస్తుంది. దీన్నే స్టాప్ మోషన్ అంటున్నారు. వేసవి సెలవుల్లో వీధిలో పిల్లలంతా మా ఇంటికే చేరి అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

1. అలమరలో పెట్టుకునే ఇల్లు సెట్టుకు పనికిరాదు

మా పెద్ద మనవడు మొదట కట్టిన పెంకుటిల్లు నిజంగా బాగుంది. నాలుగు వైపులా గోడలు, రెండు వాలుల కప్పు, కిటికీలకు తలుపులు. లోపల ఒక మనిషిని నిలబెట్టాడు. "ఇల్లు బాగుందిరా, మరి లోపలున్న ఆయన్ని ఎవరు కదుపుతారు?" అన్నాను. "కప్పు తీసి కదుపుతా తాతయ్యా" అన్నాడు. సెకనుకు 12 ఫొటోల లెక్కన తీస్తే నిమిషానికి 720. అంటే అన్నిసార్లు కప్పు తీయాలి, పెట్టాలి. తీసినప్పుడల్లా గోడ ఒక పిసరు అటో ఇటో జరుగుతుంది. తెర మీద చూస్తే ఇల్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

అందుకే మొదటి ఇటుక పెట్టకముందే చెయ్యి ఎటునుంచి పోతుందో తేల్చుకోవాలి. నాటకంలో ప్రేక్షకుల వైపు గోడ ఉండదు, పైన కప్పు ఉండదు. అయినా అది ఇల్లు కాదని ఎవరూ లేచిపోలేదు. ఇక్కడా అంతే. కప్పు కెమెరాకు కనిపించకపోతే కట్టొద్దు. కెమెరా వైపు ఎలాగూ గోడ ఉండదు. పక్క గోడ ఒకటి ఊడివచ్చేలా పెట్టుకోండి, అదీ షాటుకూ షాటుకూ మధ్య తీయడానికే. బొమ్మ చుట్టూ రెండు వేళ్లు పట్టేంత సందు లేకపోతే ఆ గది ఎంత అందంగా ఉన్నా దండగే.

2. ముందు కెమెరా, తర్వాత ఇటుక

ఫోనును స్టాండుకు బిగించి, తెరలో చూస్తూ కట్టండి. తెరలో పడనిది కట్టడం ఇటుకల ఖర్చు, ఒళ్లు నొప్పి.

'మాయాబజార్' (1957) చూపించి పిల్లలకు ఇది చెబుతుంటాను. ఆ సినిమా తీసిన విజయా వారిలో ఒకరైన చక్రపాణి మన తెనాలి ఐతానగరం మనిషే. అందులో కనిపించే ద్వారకా నగరం కళాదర్శకులు గోఖలే, కళాధర్ల పర్యవేక్షణలో మద్రాసు వాహినీ స్టూడియో దగ్గర 50 అడుగులకు 60 అడుగుల జాగాలో పుట్టింది. సుమారు 300 బొమ్మ ఇళ్లు, వాటిలో విద్యుద్దీపాలు. ఆ ఇళ్లకు వంటగది ఉందా, పెరట్లో బావి ఉందా అని ఎవరూ అడగలేదు. మార్కస్ బార్ట్లీ కెమెరా ఎటు చూస్తుందో అటువైపే ద్వారక. ఆ సినిమాలోనే లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి పోయే షాటును స్టాప్ మోషన్‌లో తీశారనీ, దానికి నాలుగు రోజులు పట్టిందనీ చెబుతారు. మావాళ్లు ఆ ముక్క విన్నాక కాస్త ఓపిక నేర్చుకున్నారు.

దూరం చూపించాలంటే వెనక ఇళ్లను చిన్నవిగా కట్టండి. ముందు ఇంటి తలుపు ఆరు ఇటుకల ఎత్తయితే, వీధి చివరి ఇల్లు మొత్తం మూడు ఇటుకల ఎత్తు చాలు. కాకపోతే బొమ్మను ఆ చివరిదాకా నడిపించకూడదు. నడిపిస్తే ఇంటి కంటే మనిషి పొడుగని తేలిపోతుంది. ఆకాశానికి నీలం చార్టు పేపరు సెట్టుకు ఆనించకుండా మూరెడు వెనక కట్టండి. లేదంటే ఆకాశం మీద చెట్టు నీడ పడుతుంది.

3. అడుగు బిగిస్తేనే పైది నిలుస్తుంది

లెగో ముక్కల మీద పైకి పొడుచుకొచ్చే బొడిపెలను మేము గుబ్బలంటాం. వరసకు 32 గుబ్బలున్న అడుగుపలక పాతిక సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. దాని కింద నాలుగు మూలలా, నడిమధ్యన డబుల్ టేపు వేసి బల్లకు అంటించండి. బల్ల బరువైనదై ఉండాలి, గోడకు తగలకూడదు. మా ఇంటి ముందు అరటి గెలల లారీ పోతే కిటికీ అద్దాలు చప్పుడు చేస్తాయి, అందుకని మేము బల్లకు తిలోదకాలిచ్చి వంటింటి నాపరాయి గట్టు మీద తీస్తున్నాం. మా ఇంటావిడకు ఇది ఇష్టం లేదు, ఆ సంగతి వేరు.

బొమ్మ పాదాన్ని గుబ్బ మీద నుంచి పైకి లాగినప్పుడు నేల కూడా లేస్తుంది. ఎడమచేతి వేలితో నేలను అదిమిపట్టి, కుడిచేతి గోరు మడమ వెనక పెట్టి కాలిని వంచినట్టు ఊడదీయాలి. నిట్టనిలువుగా లాగితే పని చెడుతుంది. నున్నటి పలకలు పరిచిన నేల అందంగా ఉంటుంది గానీ దాని మీద బొమ్మ నిలబడదు. నడిచే దారిలో అక్కడక్కడ గుబ్బలు బయటికి వదలండి.

4. కొలతలు నోటికి రావాలి

గుబ్బ నడిమి నుంచి పక్క గుబ్బ నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. పలుచటి పలక 3.2, అంటే మూడు పలకలు ఒక ఇటుక. టోపీ లేని బొమ్మ సుమారు 4 సెంటీమీటర్లు. ఇంతే లెక్క, టేపు అక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. లెగో మనిషి పొట్టి, కానీ వెడల్పు. ఎత్తును బట్టి ఇల్లు కడితే గుమ్మంలో భుజాలు ఇరుక్కుంటాయి. వెడల్పును బట్టి కట్టాలి. మంచం, ఎడ్లబండి, టీకొట్టు బల్ల, ఏదైనా సరే అతని ఒళ్లు కొలిచి చేయండి.

రెండో మెలిక మనకే ప్రత్యేకం. ఆ మనిషికి మోకాలు లేదు, మోచెయ్యి లేదు. తుంటి దగ్గర కాలు మడుస్తాడు, భుజం దగ్గర చెయ్యి తిప్పుతాడు, మణికట్టు తిరుగుతుంది, తల తిరుగుతుంది. బాసింపట్టు వేసుకుని విస్తరి ముందు కూర్చోమంటే వాడివల్ల కాదు. నేల మీద కూర్చోబెడితే కాళ్లు బారజాపి విస్తట్లో పెడతాడు. అందుకని మా కథల్లో పెళ్లి భోజనాలన్నీ బల్లల మీదే. ఊరి కబుర్లన్నీ అరుగుల మీదే. ఏ ఇల్లు కట్టినా రెండు ఇటుకల ఎత్తున అరుగు వేస్తున్నాం. నటుడికి చేతకానిది సెట్టుతో కప్పిపెట్టడం మాకు రంగస్థలం మీద కూడా అలవాటే.

5. తెల్ల చొక్కా విప్పండి

ఇది విని అందరూ నవ్వుతారు. లెగో ప్లాస్టిక్‌కు నిగనిగ ఎక్కువ. మీరు ముందుకు వంగితే మీ తెల్ల చొక్కా వెలుగు గోడ మీద పడుతుంది, వెనక్కి జరిగితే పోతుంది. ఫొటోలు పరిగెత్తించినప్పుడు గోడ మిణుకు మిణుకుమంటుంది. ముదురు రంగు చొక్కా వేసుకుని, ప్రతి ఫొటోకూ ఒకే చోటికి వచ్చి నిలబడండి.

కిటికీలు మూసేయండి. ఎండ కదులుతుంది, మబ్బు పడుతుంది. పగటి వెలుతురు నమ్ముకుంటే పది సెకన్ల సినిమాలో పొద్దు గూకుతుంది. రెండు ఎల్‌ఈడీ దీపాలు చాలు. ఒకదాని ముందు బటర్ పేపరు కట్టండి, నిగనిగ తగ్గుతుంది. చుట్టుపక్కల మోటార్లు ఆడే వేళ ఓల్టేజీ పడిపోతే దీపమూ మందగిస్తుంది. ఛార్జింగ్ దీపాలైతే ఆ గొడవ లేదు. ఫోనులో ఫోకసు, వెలుతురు, రంగు మూడింటినీ తాళం వేయండి. దాని ఇష్టానికి వదిలేస్తే ప్రతి ఫొటోకూ ఒక తీర్పు చెబుతుంది.

ఫ్యాను సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో ఫ్యాను లేకుండా ఎవరు కూర్చోగలరు? తెల్లవారుజామున తీయండి.

6. నీళ్లు కట్టడం

పిల్లలు దుగ్గిరాల లాకుల్లాంటివి కట్టాలన్నారు. లాకుల గోడలు, పైన వంతెన, షట్టరు, అన్నీ చకచకా లేచాయి. తంటా అంతా నీళ్లతోనే. కాలవ అడుగున నీలం పలకలు పరిచి, వాటి మీద అద్దంలా కనిపించే నీలం గుండ్రటి బిళ్లలు వరసలుగా పెట్టాం. ప్రతి ఫొటోకూ ఒక్కో వరసను ఒక గుబ్బ ముందుకు జరపాలి. చివర పడిపోయినవి తెచ్చి మొదట్లో పెట్టాలి. అన్నీ ఒకేసారి జరిపితే నీరు కాదు, తివాచీ లాగినట్టుంటుంది. ఒక వరస జరపాలి, పక్కది వదలాలి, తర్వాత ఫొటోకు వదిలినది జరపాలి. అప్పుడు పారుతున్నట్టుంటుంది. షట్టరు దగ్గర తెల్ల బిళ్లలు నాలుగు కలిపితే నురగ.

షట్టరు ఎత్తడానికి ఒక పలక మందం చొప్పున జరిపితే సెకనులో ఎగిరి కూర్చుంది. నిజం షట్టరు అలా లేవదు, లస్కరు మర తిప్పుతుంటే బద్ధకంగా లేస్తుంది. అందుకని దాని కింద పాత శుభలేఖల అట్టను గోరంత ముక్కలుగా కోసి, ఫొటోకు ఒకటి చొప్పున పేర్చాం. మా ఇంట్లో శుభలేఖలకు కొదవ లేదు. కెమెరా వైపున్న నురగ బిళ్లలు అట్టను కప్పేశాయి.

7. ఖరీదు చూసి వెనక్కి తగ్గొద్దు

లెగో ఇటుకకు పేటెంటు అర్జీ 1958 జనవరి 28న పడింది. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకు అతుకుతుంది, పట్టు అలాంటిది. డబ్బు ఆ పట్టుకే పోస్తున్నాం. అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో వచ్చినవి కొన్ని, బజారులో దొరికే చవకరకం కొన్ని కలిపి వాడతాం మేము. చెయ్యి తగిలే చోట అసలువి, చెయ్యి తగలని వెనక గోడకు చవకవి. చవకవి వదులుగా ఉంటే జిగురు వేసి అంటించండి. ఇటుకకు జిగురు వేయడం పాపమని వాదించేవాళ్లున్నారు. చవక ఇటుక విషయంలో ఆ నియమం నాకు పట్టదు.

ఇంకా లేదంటారా, దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను కదిలించి సినిమా తీశాడు. 1973లో డెన్మార్కులో హాసింగ్ ఇంటి పిల్లలిద్దరు, లార్స్, హెన్రిక్, పన్నెండేళ్లవాడూ పదేళ్లవాడూ, తాతయ్య నాయనమ్మల పెళ్లి స్వర్ణోత్సవానికి లెగో ఇటుకలతో చంద్రయాత్ర సినిమా తీశారు. కాళ్లూ చేతులూ కదిలే ఇప్పటి లెగో మనిషి 1978లో గానీ పుట్టలేదు. అంటే వాళ్ల దగ్గర ఇటుకలు తప్ప నటులే లేరన్నమాట. మా మనవలకు ఈ కథ చెప్పి, మా పెళ్లిరోజు ఎప్పుడో కూడా చెప్పాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

8. షాటు మధ్యలో అన్నానికి లేవొద్దు

లేస్తే మీరొచ్చేలోపు పిల్లో, పనిమనిషో, చిన్న మనవరాలో ఏదో ఒకటి సర్దేస్తారు. ఆకలిగా ఉంటే చిన్న షాటు పెట్టుకోండి.

9. విప్పేటప్పుడు

షాటు అయిన వెంటనే విప్పకండి. ముందు ఫొటోలన్నీ ఆడించి చూడండి, ఎక్కడో మీ వేలి కొస పడే ఉంటుంది. అంతా బాగుందనుకున్నాక సెట్టును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి, అప్పుడు విప్పండి. రంగుల ప్రకారం వేరు చేయకండి. ఎర్ర ఇటుకల గుట్టలో ఎర్రటి చిన్న బిళ్ల వెతకడం కంటే, చిన్న బిళ్లల డబ్బాలో ఎర్రది ఏరుకోవడం తేలిక. రంగు కంటికి ఇట్టే దొరుకుతుంది, ఆకారం దొరకదు. పెద్ద ఇటుకలు బిస్కెట్ డబ్బాల్లో, పలకలు స్వీటు పెట్టెల్లో, గుండ్రటి బిళ్లలు హార్లిక్స్ సీసాలో వేస్తాం. బొమ్మల చేతులు మాత్రం విడిగా, మూత బిగుతుగా ఉన్న మందుల డబ్బాలో. అవి నేల మీద పడితే చీపురే గతి.