మహలఖా బాయి చందా, ముద్దుపళని – ఇద్దరు కవయిత్రుల కీర్తిశేషం

ఉప్పల్, నాచారం ప్రాంతాల విద్యార్థినీ విద్యార్థులకు మౌలాలి కొండ చిన్ననాటి నుండి ఎరుకయే. నాచారం పారిశ్రామికవాడ దాటి మల్లాపురం మీదుగా ఉత్తరంగా పోతే ఆ బండరాతి కొండయు, దాని శిఖరాన హజ్రత్ అలీ పేర వెలసిన దర్గాయు కానవచ్చును. రజబ్ నెలలో జరిగే ఉర్సుకు హిందూ ముస్లిం భేదం లేకుండా జనం పోతుంటారు. కాని ఆ కొండ పాదాన ఉన్న ఒక సమాధి తోటలో అడుగు పెట్టిన వారు మనలో బహుకొద్దిమంది. అక్కడ శాశ్వత నిద్ర పొందుచున్నది మహలఖా బాయి చందా (1768–1824) అనే ఉర్దూ కవయిత్రి.

ఆమె పుట్టుటకు కొంచెం ముందు కాలంలో, తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలో ముద్దుపళని అనే తెలుగు కవయిత్రి ఉండేది. ఇద్దరూ గణికా కుటుంబాలలో పుట్టినవారే. ఇద్దరూ సంగీత నృత్య సాహిత్యాలలో ఆరితేరినవారే. ఒకే శతాబ్దిలో, ఒకే దక్షిణాపథంలో, ఒకే విధమైన జీవనం గడిపిన ఈ ఇద్దరిలో మన ఉర్దూ శాఖ విద్యార్థులకు ఒకరి పేరు, తెలుగు శాఖ విద్యార్థులకు మరొకరి పేరు మాత్రమే తెలిసి ఉండుట విచారకరం. నిజం చెప్పవలెనంటే ఆ ఒక్క పేరైనను తెలిసినవారు అరుదే. వారి కవిత్వం ఎంత గొప్పదో, ఆ కవిత్వం మన దాకా వచ్చిన త్రోవ కూడ అంతగా పరిశీలింపదగినది. ఈ వ్యాసంలో ఆ త్రోవనే ముఖ్యంగా చూపదలచినాను.

మహలఖా బాయి అసలు పేరు చందా బీబీ. తల్లి రాజ్ కువర్. ఈ కుటుంబ కథను గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అనే చరిత్రకారుడు పారసీలో వ్రాసినాడు. దాని ప్రకారం చందా అమ్మమ్మను భర్త విడిచి పారిపోగా, ఆ యిల్లాలు పిల్లలను వెంటబెట్టుకొని గుజరాత్ నుండి వలసపోయి, భగతియాలనే ఆటపాటల వారి ఆశ్రయంలో చేరింది. ఆ బిడ్డలు అక్కడే పాట నేర్చినారు. పిమ్మట బుర్హాన్‌పురం, ఔరంగాబాదుల మీదుగా నిజాం పరివారంతో హైదరాబాదు చేరుకొన్నారు. వారు కోరి ఎన్నుకొన్న వృత్తి కాదది. ఆకలి చూపిన దారి. ఈ సంగతి మరచి ఆ కుటుంబాన్ని నిందించుటయు తగదు, ఆ జీవితాన్ని పూలపాన్పుగా వర్ణించుటయు తగదు. ప్రభువు దయ ఉన్నంత వరకే ఆ వైభవం.

రాజ్ కువర్ నిండు గర్భిణిగా మౌలాలి దర్గాకు పోయినప్పుడు గర్భస్రావ భయం కలిగిందనీ, అక్కడి ధూపం, దారం ఆమెను కాపాడినవనీ ఒక కథ కలదు. కథ సంగతి ఎట్లున్నను, చందా జీవితమంతా ఆ కొండనే అంటిపెట్టుకొని ఉన్నదనుట నిజం. ఖుష్‌హాల్ ఖాన్ వంటి విద్వాంసుని వద్ద ఆమె సంగీతం అభ్యసించింది. గుర్రపు స్వారీ, ఈటె విసరుట నేర్చింది. రెండవ ఆసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ దండయాత్రలలో పురుష వేషంతో ఆయన వెంట నడిచింది. ‘మహలఖా’, అనగా చంద్రముఖి, అనే బిరుదమును, జాగీరులను పొంది ఉమరావుల సరసన నిలిచింది.

1798లో ఆమె తన గజళ్ళను దీవానుగా కూర్పించింది. దీవాను అనగా ఒక కవి గజళ్ళను వాటి చివరి అక్షరాల క్రమాన్ని బట్టి అమర్చిన సంపుటి. అందులో 125 గజళ్ళు కలవు. ప్రతి గజలుకు సరిగా ఐదు షేర్లు. గజలుకు ఇన్నే షేర్లుండవలెనన్న నియమం లేదు. ఆమె తనకు తానే ఆ కట్టడి విధించుకొన్నది. ఆ ఐదు సంఖ్య ‘పంజ్‌తన్’ను, అనగా ప్రవక్త కుటుంబంలోని ఐదుగురు పవిత్రులను, స్మరింపజేయుటకే అని నాకు తోచును. ఏలనన, గజళ్ళు దాదాపు అన్నియు హజ్రత్ అలీ స్మరణతోనే ముగియును.

తెలుగు విద్యార్థులకు ఇక్కడ ఒక మాట. గజలులో కవి కలం పేరు వచ్చే చివరి షేరును ‘మఖ్తా’ అంటారు. మన శతకాలలోని మకుటానికి ఇది చెవికి దగ్గరగా వినిపించినను, రెండు మాటలకు చుట్టరికం లేదు. ఒకటి అరబ్బీ, మరొకటి సంస్కృతం. మకుటం ప్రతి పద్యానికీ వచ్చును, మఖ్తా గజలుకు ఒకమారే వచ్చును. మకుటంలో తరచుగా దైవాన్ని పిలుతురు. మఖ్తాలో కవి తన్ను తానే పిలుచుకొనును. చందా మఖ్తాలలో ఈ రెండు రీతులు కలిసిపోయినట్లుండును. తన పేరు చెప్పుకొనును, వెంటనే అలీని శరణు వేడును. సభలో పదిమంది చూపులు తనపై ఉన్న వేళ గజలు చివరి మాటను ఆమె ఆ సభలోని ఏ ప్రభువుకూ అర్పింపలేదన్నది గమనింపదగిన విషయం.

1799 అక్టోబరు 18వ తేదీన మీర్ ఆలం భవనంలో జరిగిన నృత్య సభలో ఆమె తన దీవాను ప్రతిని కెప్టెన్ మాల్కమ్ అనే ఆంగ్లేయునికి నజరానాగా ఇచ్చింది. ఆ ప్రతి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. మన ఊరి కవయిత్రి స్వయంగా ఇచ్చిన పుస్తకాన్ని చూడవలెనన్న లండన్ పోవలసి వచ్చుట కాలమహిమ.

ఉర్దూలో దీవాను కూర్చిన మొదటి మహిళ ఆమెయేనని చాలకాలం చెప్పుకొన్నారు. తరువాత దక్కనుకే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాను కొంచెం ముందుదని పరిశోధకులు చూపినారు. దీనిపై వాదులాట అనవసరం. ఇద్దరూ దక్కను స్త్రీలే.

ఇక కీర్తి సంగతి. తన పేరు నిలుచుటకు ఏమేమి కావలెనో మహలఖా బాయి స్వయంగా అమర్చుకొన్నది. తల్లి గతించగా 1792లో మౌలాలి కొండ క్రింద సమాధి కట్టించి తోట వేయించింది. జౌహర్ చేత పారసీలో చరిత్ర వ్రాయించింది. గ్రంథాలయం సమకూర్చింది. 1824లో మరణించినప్పుడు తల్లి ప్రక్కనే ఖననం చేయబడింది. అదే సంవత్సరం ‘గుల్జారె మహలఖా’ అనే పేర ఆమె గజళ్ళు వెలువడినవి. ఆస్తిని నిరాశ్రయులైన స్త్రీలకు వదలిపోయినదని చెబుతారు. ఆమె జాగీరులలో అడిక్‌మెట్ ఒకటి. ఆ నేలమీదనే తదుపరి శతాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది. ఉప్పల్ నుండి హబ్సీగూడ, తార్నాకల మీదుగా అక్కడికి ఎం.ఏ. చదువుకు పోయే మన పూర్వ విద్యార్థులు ఎందరో! తాము నడిచే నేల ఒక కవయిత్రి జాగీరని వారిలో ఎందరికి తెలియును?

ముద్దుపళనికి జాగీరు లేదు, సమాధి తోట లేదు. ఆమెకు ఉన్నది గ్రంథ మొక్కటే. ‘రాధికాసాంత్వనము’ నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళను రాధ తానే కృష్ణునికిచ్చి వివాహం చేసి, పిమ్మట విరహంతో, ఈర్ష్యతో వేగిపోవుట అందలి కథ. అలిగిన రాధను కృష్ణుడు ఓదార్చుటయే సాంత్వనం. ప్రబంధ కవులు నాయికను బయటి నుండి వర్ణించినారు. ముద్దుపళని ఆమె మనస్సులో నుండి పలికింది. తన ఇష్టాన్నే తన చేతులతో మరొకతెకు అప్పగించిన స్త్రీ పడే వేదన ఇంత సూటిగా అంతకు ముందు తెలుగులో వచ్చినట్లు నేనెరుగను. అవతారికలో కవులు తండ్రి తాతలను కీర్తించుట ఆచారం. ఈమె తన కుటుంబంలోని స్త్రీలను, తంజనాయకి మొదలుగా, కీర్తించి తన విద్యను గర్వంగా చెప్పుకొన్నది.

1887లో పైడిపాటి వేంకటనరసు ఈ గ్రంథాన్ని అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలతో పాటు ఆ స్వవిషయం కూడ లోపించింది. కావ్యం మిగిలింది, కవయిత్రి తప్పిపోయింది. తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ఇది స్త్రీలు వినదగని మాటలతో నిండినదని తీవ్రంగా ఖండించినారు. పంతులుగారు స్త్రీ విద్యకు, వితంతు వివాహాలకు చేసిన సేవను తక్కువ చేయువాడను కాను. కాని ఈ తీర్పు న్యాయమైనది కాదని నా అభిప్రాయం.

ఆ మాట పంతులుగారి ముఖం మీదనే చెప్పిన వ్యక్తి బెంగుళూరు నాగరత్నమ్మ గారు (1878–1952). ఆమెయు దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని, విదుషీమణి. ముద్దుపళని పేరు ఒకచోట చదివి, గ్రంథాన్ని వెదకి, అచ్చు ప్రతి లోపాలను గుర్తించి, వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని పోల్చి చూచి, 1910లో మదరాసు వావిళ్ళ వారి చేత సమగ్ర ప్రతిని వెలువరించినారు. సిగ్గు అనునది స్త్రీలకే గాని పురుషులకు లేదా అని ఆమె పీఠికలో ప్రశ్నించినారు. పురుషులు వ్రాసిన ఇంతకు మించిన శృంగారాన్ని పంతులుగారు ఆమోదించిన సంగతి ఎత్తి చూపినారు. ఆమె ఉదాహరించిన ‘వైజయంతీవిలాసము’ సారంగు తమ్మయ అనే గోలకొండ కరణం రచన కావుట మన ప్రాంతం వారికి వింతగా తోచును.

ఫలితం ఏమి? 1911లో మదరాసు ప్రభుత్వం గ్రంథం అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. పండితులు అర్జీలు పెట్టుకొన్నను లాభం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలంలో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో మరల ముద్రణ వచ్చింది. నాగరత్నమ్మ గారు గతించినదీ ఆ యేడే.

మహలఖా బాయిపై ఎవరూ నిషేధం విధింపలేదు. ఆమె విషయంలో జరిగినది మౌనం. మర్యాదస్థులు ‘తవాయిఫ్’ అన్న మాటతో ప్రసంగం ముగించినారు. సమాధి తోట పాడుబడింది. నిషేధానికి ఒక తేదీ ఉండును, దాన్ని ఎత్తివేయుమని అడుగుటకు ఒక కచేరీ ఉండును; మౌనానికి అవి లేవు. ఈ పేర్లు తరగతిలో ఎత్తినప్పుడు బాలికలు తల వంచుకొనుటయు, బాలురు ముసిముసిగా నవ్వుటయు ఉపాధ్యాయులందరికీ అనుభవమే. అందుకని పాఠం మానుకొన్నచో మనము 1887 నాటి ముద్రాపకుని పనినే చేసినవారమగుదుము.

అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక పరిరక్షణ నిధి సహాయంతో 2010–11 ప్రాంతంలో మౌలాలి సమాధి తోటకు మరమ్మతులు జరిగినవి. అక్కడ ఆమె మరణ సంవత్సరాన్ని తెలిపే ‘తారీఖ్’ పద్యం శిలపై కలదు. అరబ్బీ అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో సంఖ్యా విలువలుండును. వాటిని కూడగా హిజ్రీ 1240 వచ్చును. మన కటపయాది సంఖ్య వంటిదే ఇది, లెక్క మాత్రం వేరు. ఉర్దూ శాఖ విద్యార్థులు ఆ శిలను చదివి అర్థం చెప్పగలరు. తెలుగు శాఖ వారు ‘రాధికాసాంత్వనము’ అవతారికను చదివి వినిపింపగలరు. నాచారం నుండి మౌలాలికి అరపూట పయనం. రెండు శాఖల వారిని కలిపి ఈ సంవత్సరం ఒక ఆదివారం అక్కడికి తీసుకొనిపోవుటకు అనుమతి ఇవ్వవలసినదిగా కళాశాల సంఘం వారికి ఈ వ్యాసముఖంగా మనవి చేయుచున్నాను.