మదీనాలో తొందర తగదు

ప్రశ్న: హజ్ ముగిసిన వెంటనే మా అమ్మగారికి జబ్బు చేసి, మదీనా చూడకుండానే తిరిగి వచ్చారు. హజ్ అసంపూర్ణమయిందేమోనని రోజూ కంటతడి పెడుతున్నారు.
— ఒక కుమార్తె, ఒంగోలు

జవాబు: మక్కా, మినా, అరఫాత్, ముజ్దలిఫాలలోని విధులతో హజ్ సంపూర్ణమగును, మదీనా దర్శనము మహాభాగ్యమే గాని హజ్‌లో అంగము కాదు. ఈ మాట నేడే ఆమెకు చదివి వినిపింపుడు.

ప్రశ్న: ఎనిమిది రోజులు మదీనాలో ఉండి నలభై నమాజులు పూర్తిచేయాలని మా దంపతుల సంకల్పం. జియారత్ స్థలాలన్నీ ఒక్కపూటలో బస్సులో చూపిస్తామని ఏజెంటు అంటున్నాడు. చాలదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: చాలదు. ముందు నమాజుల సంగతి. నలభై లెక్కకు ఆధారమైన హదీసు బలమును గూర్చి విద్వాంసులలో ఏకాభిప్రాయము లేదు. కనుక ఒకటి తప్పినదని కుమిలిపోవలదు. ప్రవక్త మసీదులో ఒక్క నమాజు, మక్కాలోని మస్జిదుల్ హరాం తప్ప తక్కినచోట్ల చేయు వేయి నమాజులకన్న మిన్న యన్న ప్రవక్త మాట యున్నది గదా! ఆ మసీదులోని రౌజాలో ప్రార్థించుటకు మాత్రము నుసుక్ యాప్‌లో ముందుగా అనుమతి పొందుడు.

ఇక జియారత్. నేడు లక్షలమందికి తావిచ్చు ప్రవక్త మసీదు, తొలినాట పచ్చియిటుకల గోడలపై, ఖర్జూరపు మ్రాకులు స్తంభములుగా, మట్టలు కప్పుగా నిలిచిన పందిరి. వాన కురిసిన రాత్రి బురదనేలపైననే ప్రవక్త సజ్దా చేసిరి. ఈ సంగతి ఎరిగి ఆ పాలరాతిపై నుదురు మోపువాని సజ్దా వేరు, ఎరుగనివాని సజ్దా వేరు. 622లో మక్కా నుండి వలస వచ్చిన ప్రవక్త పునాది వేసిన ఖుబా మసీదునకు, ఆయన శనివారములందు నడచియో వాహనమెక్కియో పోవుచుండిరి. నేడును అక్కడికి కాలిబాట కలదు. మోకాళ్లు సహకరించినచో బస్సు మానుడు.

ఉహుద్‌కు ఒక ఉదయమంతయు కేటాయింపుడు. 625లో అక్కడ జరిగిన యుద్ధమున ప్రవక్త ఏబదిమంది విలుకాండ్రను ఒక చిన్న గుట్టపై నిలిపి, జయమైనను అపజయమైనను తమ ఆజ్ఞ లేక దిగరాదని శాసించిరి. విజయము చేతికందినదని తోచినంతనే వారిలో పెక్కుమంది కొల్లసొమ్ముకై దిగివచ్చిరి. ఆ ఖాళీ అయిన చోటినుండి శత్రుపక్షమున నున్న ఖాలిద్ అశ్వికులు వెనుకదెస పడగా, ప్రవక్త పినతండ్రి హమ్జాతో కూడ డెబ్బదిమంది వీరులు అమరులైరి. ఆ గుట్ట ఇప్పటికిని ఉన్నది. జనము దానిపైకెక్కి ఫొటోలు తీసికొని పది నిమిషములలో దిగిపోవుదురు. తొందరపడి దిగినందుకే గదా నాడంత నష్టము వాటిల్లినది! అయ్యా, మీరు పిల్లలకు పాఠము చెప్పినవారు. ఆ గుట్ట పాదమున కూర్చుండి, ఆ కథ మీ ఇల్లాలికి మొదటినుండి చెప్పుడు. ఏజెంటు చూపలేని మదీనా అదియే.

ప్రశ్న: నేను హిందువును; జెడ్డాలో డ్రైవరు పని. మదీనా చూడవచ్చునా?
— నిజామాబాదు వాసి

జవాబు: మక్కాకు కాదు గాని, మదీనా నగరమునకు పోవచ్చును, ప్రవక్త మసీదు ప్రాంగణమునకు ముందే ఆగి, దూరమునుండి ఆకుపచ్చని గుమ్మటమును చూచి రండు.

ప్రశ్న: రైల్వేలో ముప్పైయేళ్లు పనిచేశాను. మదీనాలో పాత రైలుస్టేషను ఉందట, చూడదగినదేనా?
— కాజీపేట పాఠకుడు

జవాబు: తప్పక చూడవలెను. ఉస్మానీ సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ 1900లో ఆరంభించిన హిజాజ్ రైలు, 1908లో, దమస్కు నుండి సుమారు 1300 కిలోమీటర్లు ఎడారి దాటి మదీనా చేరినది; ఒంటెల బిడారుపై వారముల తరబడి సాగెడి ప్రయాణము కొలదిదినములకు తగ్గినది. దానికై ముస్లిము లోకమంతయు చందాలిచ్చినది. మన దేశమునుండియు ధనము పోయినది. మొదటి ప్రపంచయుద్ధములో పట్టాలు పేల్చివేయబడినవి. నేడు ఆ మార్గమున మదీనాకు రైలు రాదు. స్టేషను ఇప్పుడు ప్రదర్శనశాల. మక్కా మదీనాల నడుమ 2018 నుండి గంటకు 300 కిలోమీటర్ల వేగమున హరమైన్ రైలు పరుగెత్తుచున్నది. మీరు దానిలో పోయి, ఈ పాత ప్లాట్‌ఫారముపై ఒక పూట నిలువుడు.